బీమా సర్టిఫికెట్ పంపమన్నారు, ఏం పంపాలి? గోదావరి జిల్లాల వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గోదావరి పాయల మధ్య ఊరు. రైసు మిల్లులకీ, పీచు మిల్లులకీ, రొయ్యల ప్లాంట్లకీ, లేసు ఎగుమతి చేసేవాళ్ళకీ బీమా కాగితాలు రాయించడం, చూసిపెట్టడం చాలా ఏళ్ళుగా నా పని. ఈమధ్య వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ పంపమంటున్నారండీ, ఏం పంపాలి?" అడిగినవాటిని అడిగినట్టే ఇక్కడ రాస్తున్నాను. మీ పాలసీ పక్కన పెట్టుకుని చదివితే ఎక్కువ ఉపయోగం.

సర్టిఫికెట్ అంటే పాలసీయే కదండీ?

కాదు. పాలసీ మీకూ బీమా కంపెనీకీ మధ్య ఒప్పందం. షెడ్యూలు, షరతులు, మినహాయింపులు, ఎండార్స్‌మెంట్లు (తర్వాత కంపెనీ రాతపూర్వకంగా చేర్చే మార్పులు) అన్నీ కలిస్తేనే పాలసీ. సర్టిఫికెట్ మూడో మనిషికి చూపించే కాగితం. ఫలానా వారి పేరున, ఫలానా నంబరు పాలసీ, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా, ఇంత మొత్తానికి ఉందని అందులో ఉంటుంది, అంతే. పొలం విషయంలో అడంగల్‌కీ దస్తావేజుకీ తేడా మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇదీ అలాంటిదే. నష్టం వచ్చిన రోజున కంపెనీ చూసేది పాలసీని. సర్టిఫికెట్‌లో ఒకటుండి పాలసీలో ఇంకోటుంటే నెగ్గేది మామూలుగా పాలసీయే.

రెండుచోట్ల మాత్రం సర్టిఫికెట్‌కి బలం ఎక్కువ. ఒకటి బండి ఇన్సూరెన్సు, రెండోది ఓడమీద వెళ్ళే సరుకు. ఆ రెండిటి గురించీ కింద చెబుతాను.

దీన్ని అడిగేది ఎవరు? నా వ్యాపారం సంగతి వాళ్ళకెందుకు?

మీ వల్ల వాళ్ళకి నష్టం వస్తే తీర్చే దారి ఉందో లేదో చూసుకుంటారు. సీసీ లోను (సరుకు హామీ మీద ఇచ్చే క్యాష్ క్రెడిట్) ఇచ్చిన బ్యాంకు సరుకు మీద అడుగుతుంది. గోడౌను అద్దెకిచ్చిన ఆసామి బిల్డింగు మీద అడుగుతాడు. ఫ్యాక్టరీలో పనికి దిగే కాంట్రాక్టరుని కూలీల మీద అడుగుతారు. ఫంక్షన్ హాలువాళ్ళు కేటరింగు, షామియానావాళ్ళని అడగడం కూడా ఇప్పుడు మొదలైంది. విదేశీ బయ్యరైతే సరుకు తిని ఎవరైనా జబ్బుపడితే ఎవరు కడతారని అడుగుతాడు. ఒక్కొక్కరికి కావలసింది ఒక్కో పాలసీ. అందుకే "ఏ పాలసీ మీద సర్టిఫికెట్ కావాలండీ?" అని ముందే తిరిగి అడగండి. ఫైర్ పాలసీ కాగితం పంపేసి ఊరుకుంటే, అడిగినవాడికి కావలసింది పబ్లిక్ లయబిలిటీ (మీ వల్ల బయటివాళ్ళకి జరిగే నష్టానికి కట్టే బీమా) కాగితమై ఉండొచ్చు.

కాగితం చేతికొచ్చాక ముందు ఏం చూడాలి?

బీమా మొత్తం దగ్గరికి తర్వాత వెళ్ళండి. ముందు పేరు, స్థలం, తేదీ చూడండి.

పేరు అంటే జీఎస్టీలో ఉన్న పేరు. తండ్రి పేరున ఉన్న మిల్లు కొడుకుల భాగస్వామ్యంలోకి వచ్చి నాలుగేళ్ళయినా పాలసీ ఇంకా తండ్రి పేరునే నడిచే ఇళ్ళు నాకు తెలుసు. ప్రీమియం కడుతున్నారు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు. సరుకు ఒకరిది, పాలసీ ఇంకొకరిది అయితే క్లెయిము దగ్గర మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

స్థలం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అంబాజీపేట వైపు ఒక పీచు వ్యాపారి. బజార్లో ఆఫీసు, కాలవ అవతల యార్డు. పాలసీలో ఆఫీసు డోర్ నంబరు రాశారు. పీచు బేళ్ళన్నీ యార్డులో. ఒక ఏడాది తుఫానుకి రేకులు లేచిపోయి, బేళ్ళు తడిసి, కింది వరస ఉబ్బి తాళ్ళు తెంపుకుంది. నష్టం లెక్కకట్టే బీమా సర్వేయరు వచ్చి ఆ బురదలో నిలబడి కాగితం తిప్పి చూసి, "ఈ స్థలం ఇందులో ఎక్కడుందండీ?" అన్నాడు. వ్యాపారి కరెంటు బిల్లు చూపించాడు, పంచాయతీ పన్ను రసీదు చూపించాడు. యార్డు వ్యాపారిదేనని సర్వేయరుకీ తెలుసు. కానీ పాలసీలో లేదు. యార్డు సరుకుకి ఒక్క రూపాయీ రాలేదు. ఆ పాలసీ మీద బ్యాంకుకిచ్చిన సర్టిఫికెట్ అంతకుముందు నా చేతి మీదుగానే వెళ్ళింది. చిరునామా గళ్ళో ఏదో ఒకటి ఉంది కదా అని పంపేశాను. అప్పటినుంచి సర్టిఫికెట్ రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న "సరుకు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది?" అన్నదే. రెండు మూడు చోట్ల పడుకుంటే అన్ని చోట్లా సర్వే నంబర్లతో సహా రాయించండి, లేదా అన్ని చోట్ల సరుకుకీ కలిపి ఒకటే పాలసీ, ఫ్లోటర్ అంటారు, అది తీసుకోండి.

తేదీ సంగతి సులువు. మొదలు, ముగింపు, రెండిటితోపాటు గంట కూడా ఉంటుంది. అదీ చూడండి.

బీమా మొత్తం ఎంత ఉంటే సరిపోతుంది?

సరుకు బాగా పేరుకున్న రోజున విలువ ఎంతో అంత. సార్వా కోతలయ్యాక మిల్లులో ధాన్యం కొండలా ఉంటుంది. దాళ్వాకి ముందు గచ్చు కనిపిస్తుంది. చాలామంది ఈ రెండిటికీ మధ్యలో ఒక అంకె వేసేస్తారు. దాని ఫలితం లెక్కలో చూడండి. నష్టం జరిగిన రోజున సరుకు 60 లక్షలు, బీమా 40 లక్షలు, పాడైంది 15 లక్షలు. 40 లక్షల లోపే కదా, మొత్తం వస్తుందనుకుంటాం. రాదు. మీరు మూడింట రెండు వంతులకే బీమా చేయించారు కాబట్టి నష్టంలోనూ మూడింట రెండు వంతులే, అంటే 10 లక్షలే లెక్క కడతారు. అందులోంచి ఎక్సెస్ (ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన భాగం) కూడా పోతుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకి కొత్త పాలసీలు వచ్చాయి. ఒకచోట ఉన్న బిల్డింగు, మెషినరీ, సరుకు అన్నీ కలిపి 5 కోట్ల లోపైతే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. అది దాటి 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. వీటిలో బీమా మొత్తం 15 శాతం దాకా తగ్గినా ఈ కోత వెయ్యరు. పై లెక్కలో తక్కువ పడింది 33 శాతం, కాబట్టి అక్కడ ఈ వెసులుబాటు ఆదుకోదు. సరుకు నెలనెలా మారేవాళ్ళు, ఎప్పటికప్పుడు సరుకు విలువ కంపెనీకి తెలియజేసే డిక్లరేషన్ పద్ధతి గురించి ఏజెంటుని అడగండి.

వరద, తుఫాను ఉన్నాయో లేదో సర్టిఫికెట్ చూస్తే తెలుస్తుందా?

చాలాసార్లు తెలియదు. "ఫైర్ అండ్ అలైడ్ పెరిల్స్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మీరు పాలసీ షెడ్యూల్లో ఎస్‌టీఎఫ్‌ఐ అనే నాలుగక్షరాల కోసం వెతకాలి. గాలివాన, తుఫాను, వరద, ముంపు అన్నీ దాని కిందకే వస్తాయి. సూక్ష్మ, లఘు పాలసీల్లో అది కలిసే ఉంటుంది. పెద్ద పాలసీల్లో ప్రీమియం తగ్గించడానికి దాన్ని తీసేసినవి ఉంటాయి. మన ప్రాంతంలో వ్యాపారం చేస్తూ దాన్ని తీయించుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. 96లో కొబ్బరి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో వాళ్ళనడిగితే చెబుతారు.

ఇంకో మాట. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వార్తల్లో వచ్చాక ఫోన్ చేసి "వరద కలిపించండి" అంటే అప్పుడు ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది. గుమ్మం ముందుకొచ్చిన ప్రమాదానికి బీమా దొరకదు. వేసవిలోనే చూసుకోండి.

ఊక, తౌడు, పీచు తమంతట తాము వేడెక్కి అంటుకుంటే చెల్లుతుందా లేదా అన్నది కూడా పాలసీని బట్టి మారుతుంది. మిల్లులవాళ్ళు అది విడిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

బ్యాంకే బీమా కట్టేస్తోంది. నేను చూడాల్సింది ఏముంది?

చాలా ఉంది. బ్యాంకు కట్టినా ప్రీమియం మీ ఖాతాలోంచే పోతుంది. నష్టమూ మీదే. పాలసీలో అగ్రీడ్ బ్యాంక్ క్లాజు ఉంటే క్లెయిము సొమ్ము ముందు బ్యాంకుకి వెళ్తుంది. అందులో తప్పులేదు. తప్పెక్కడంటే, బ్యాంకు పాత పాలసీని పాత వివరాలతోనే ఏటా రెన్యువల్ చేసేస్తుంది. గోడౌను మార్చిన సంగతి మీరు మేనేజరు గారితో నోటితో చెప్పి ఉంటారు. ఆయన బదిలీ అయిపోయి ఉంటారు. ప్రతి రెన్యువల్ తర్వాత బ్యాంకుకి రాతపూర్వకంగా లెటరు పెట్టి పాలసీ కాపీ తెచ్చుకోండి. సర్టిఫికెట్ కాపీ కాదు, పాలసీ కాపీ.

లారీకి ఇన్సూరెన్సు ఉంది. సరుకుకి మళ్ళీ వేరే కావాలా?

కావాలి. లారీ సర్టిఫికెట్ ఫారం 51లో వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988, 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఈ సర్టిఫికెట్ ఇస్తేనే ఆ పాలసీ అమల్లోకి వస్తుందని చట్టమే చెబుతోంది. దీని బలం ఎక్కువన్నది అందుకే. కానీ అది బండి కోసం, బండి వల్ల దెబ్బతిన్నవాళ్ళ కోసం. రావులపాలెంలో ఎక్కించిన అరటి గెలలు దారిలో బండి బోల్తాపడి నలిగిపోతే ఆ పాలసీ పలకదు. సరుకుకి ట్రాన్సిట్ పాలసీ వేరే ఉండాలి.

అమెరికా బయ్యరు "అకార్డ్ 25 పంపండి" అంటున్నాడు. అదేమిటి?

అమెరికాలో లయబిలిటీ పాలసీలకి వాడే సర్టిఫికెట్ నమూనా. భీమవరం రొయ్యలవాళ్ళకి, నరసాపురం లేసు పంపేవాళ్ళకి ఈ మాట తరచుగా తగులుతుంది. ఆ ఫారం పైభాగంలోనే రాసి ఉంటుంది: ఇది సమాచారం కోసం మాత్రమే, దీన్ని పట్టుకున్నవారికి దీనివల్ల ఏ హక్కూ రాదు అని. అమెరికావాళ్ళు ఏళ్ళ తరబడి వాడుతున్న కాగితమే ఆ మాట చెబుతుంటే మన దగ్గర సర్టిఫికెట్‌ని పాలసీ అనుకోవడం ఎంత పొరపాటో చూడండి.

మన బీమా కంపెనీలు మామూలుగా సొంత నమూనాలోనే సర్టిఫికెట్ ఇస్తాయి. బయ్యరు దానికి ఒప్పుకుంటాడా అని ముందే మెయిల్లో అడగండి. ఫారం ఏదైనా బయ్యరు వెతికేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది ప్రాడక్ట్ లయబిలిటీ (మీ సరుకు వల్ల ఎవరికైనా హాని జరిగితే కట్టే బీమా) ఉందా అన్నది. ఆ తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైనది, పాలసీ ఏ దేశాల్లో చెల్లుతుంది, ఏ దేశపు కోర్టు తీర్పుకి చెల్లుతుంది అన్నది. చాలా పాలసీల్లో "ప్రపంచమంతా, అమెరికా కెనడా మినహా" అని ఉంటుంది. సరుకు వెళ్ళేది అమెరికాకి, పాలసీ వెళ్ళనిది అమెరికాకి! ఆ రెండు పేర్లు కలిపితే ప్రీమియం బాగా పెరుగుతుంది. అందుకే ధర మాట్లాడుకునేటప్పుడే ఈ ఖర్చు వేసుకోవాలి.

తర్వాత ఏవోఏ, ఏవోవై అంకెలు. మొదటిది ఒక్క ప్రమాదానికి కట్టే గరిష్ఠం, రెండోది ఏడాది మొత్తానికి. మన లయబిలిటీ పాలసీలు ఎక్కువగా క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో ఉంటాయి. అంటే సంఘటన పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ తేదీ తర్వాత జరగాలి, మీ మీద క్లెయిము కూడా పాలసీ అమల్లో ఉండగానే రావాలి. ఒక ఏడాది మానేసి మళ్ళీ కొత్తగా తీసుకుంటే ఆ పాత తేదీ పోతుంది. రెండేళ్ళ కిందట పంపిన కంటైనరు మీద ఇప్పుడు నోటీసు వస్తే ఏ పాలసీ కిందకీ రాకుండా పోయే ప్రమాదం ఉంది.

"అడిషనల్ ఇన్సూర్డ్‌గా మా పేరు చేర్చండి" అంటే?

సర్టిఫికెట్ హోల్డరు అంటే కాగితం అందుకున్నవాడు. అడిషనల్ ఇన్సూర్డ్ అంటే మీ పాలసీలోకి వచ్చి కూర్చున్నవాడు. అతని మీద దావా పడితే మీ పాలసీ అతన్ని కూడా కాస్తుంది. సర్టిఫికెట్ మీద బయ్యరు పేరు టైపు చేసినంత మాత్రాన ఇది జరగదు. బీమా కంపెనీ ఎండార్స్‌మెంటు ఇవ్వాలి. మీ సరుకు కొని తిరిగి అమ్మేవాళ్ళ కోసం ఉండేదాన్ని వెండర్స్ ఎండార్స్‌మెంటు అంటారు. బయ్యరుతో కాంట్రాక్టులో ఆ పని చేస్తామని మీరు సంతకం పెట్టి, చేయించకపోతే ఒప్పందం తప్పినట్టే. ఆ భారం నేరుగా మీ జేబు మీద పడుతుంది.

ఎల్‌సీ (డాక్యుమెంట్లు సరిగ్గా ఉంటే డబ్బు కడతామని బయ్యరు బ్యాంకు ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్) మీద సరుకు పంపుతున్నాం. బీమా సర్టిఫికెట్ తప్పని బ్యాంకు డాక్యుమెంట్లు తిప్పికొట్టింది. ఎక్కడ పొరబడ్డాం?

ఓపెన్ కవర్ (పంపే షిప్‌మెంట్లన్నిటికీ కలిపి ముందే చేసుకునే బీమా ఒప్పందం) ఉన్నవాళ్ళకి ప్రతి షిప్‌మెంటుకీ ఒక సర్టిఫికెట్ వస్తుంది. మెరైన్ పాలసీని (ఓడ సరుకు బీమాని) ఇంకొకరికి బదలాయించవచ్చు కాబట్టి, ఆ సర్టిఫికెట్ వెనక మీరు సంతకం చేసి ఇస్తే దారిలో నష్టానికి బయ్యరే క్లెయిము చేసుకోగలడు. అంత విలువ ఉంది కాబట్టే బ్యాంకు అక్షరం అక్షరం చూస్తుంది. ఎల్‌సీలకి వర్తించే యూసీపీ 600 నియమాల్లో 28వది దీని గురించే. మనవాళ్ళు పొరబడేది ఎక్కువగా వీటిలోనే.

తేదీ: సరుకు ఓడకెక్కిన తేదీ తర్వాతి తేదీతో సర్టిఫికెట్ ఉండకూడదు, ఎక్కించిన రోజు నుంచే బీమా మొదలైందని అందులో స్పష్టంగా రాసి ఉంటే తప్ప. కాకినాడలోనో విశాఖలోనో కంటైనరు ఎక్కేశాక ఆదివారం గడిచి సోమవారం సర్టిఫికెట్ తీస్తే ఇదే జరుగుతుంది. మొత్తం: ఎల్‌సీలో వేరే అంకె లేకపోతే సీఐఎఫ్ విలువకి (సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపిన విలువకి) కనీసం 110 శాతం. కరెన్సీ: ఎల్‌సీ డాలర్లలో ఉంటే సర్టిఫికెట్‌కూడా డాలర్లలోనే ఉండాలి. ఒరిజినల్స్: రెండు ఇచ్చినట్టు సర్టిఫికెట్‌లో ఉంటే రెండూ సమర్పించాలి. కవర్ నోటు (పాలసీ వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక కాగితం) ఇస్తే తీసుకోరు.

ఇంకోటి. ఎగుమతి అమ్మకాల్లో ఏ ఖర్చు ఎవరిదో చెప్పే అంతర్జాతీయ నియమాలు ఇన్‌కోటెర్మ్స్ 2020. వాటిలో అమ్మేవాడు తప్పక బీమా చేయించాల్సినవి రెండే, సీఐఎఫ్, సీఐపీ (చెప్పిన చోటిదాకా రవాణా, బీమా అమ్మేవాడే కట్టేది). సరుకు బీమా షరతుల్లో కార్గో క్లాజెస్ 'ఏ', 'బీ', 'సీ' అని మూడు రకాలు. సీఐఎఫ్‌కి కనీసం 'సీ' చాలు. సీఐపీకి అన్నిటికన్నా విశాలమైన 'ఏ' రకం కావాలి. సీ అంటే చాలా ఇరుకైన బీమా. అగ్నిప్రమాదం, ఓడ మునగడం, ఢీకొనడం లాంటి పెద్ద ప్రమాదాలే అందులో ఉంటాయి. దొంగతనం లేదు. లేసు పెట్టె మాయమైతే సీ కింద ఏమీ రాదు. ఎల్‌సీలో 'ఏ' రకం అని రాసి ఉండి మీరు 'సీ' సర్టిఫికెట్ ఇస్తే అదీ తిప్పికొడతారు.

రొయ్యల కంటైనరు కరెంటు పోయి సరుకు మెత్తబడింది. "ఆల్ రిస్క్" అని ఉందిగా, వస్తుందా?

ఎంతసేపు ఆగిందన్నది చూడాలి. గడ్డకట్టించిన సరుకుకి వాడే ఇన్‌స్టిట్యూట్ ఫ్రోజెన్ ఫుడ్ క్లాజెస్ 'ఏ' రకంలో, ఉష్ణోగ్రత మారడం వల్ల వచ్చిన నష్టం మామూలుగా చెల్లదు. శీతలీకరణ యంత్రం చెడిపోయి వరసగా 24 గంటలు తగ్గకుండా ఆగిపోతేనో, అగ్నిప్రమాదం, ఓడ మునక లాంటివి జరిగితేనో చెల్లుతుంది. పద్దెనిమిది గంటలు ఆగి మళ్ళీ పనిచేస్తే సరుకు పాడైనా కాగితం మీద చిక్కే. టెంపరేచర్ రికార్డరు డేటా తీసి భద్రపరచండి. మొత్తం కథ చెప్పేది అదే. ఈ గంటలు తగ్గించి ఇచ్చే కంపెనీ ఉందేమో బ్రోకరుతో బేరం పెట్టండి. ఇక చెరువులో ఉన్న రొయ్య వీటన్నిటికీ బయట, దాని బీమా వేరే.

కాంట్రాక్టరు తన కూలీలకి ఇన్సూరెన్సు ఉందని సర్టిఫికెట్ ఇచ్చాడు. చాలా?

ఎంతమందికి ఉందో, ఏ పనికి ఉందో చూడండి. పదిమందికి పాలసీ తీసుకుని పాతికమందిని దింపేవాళ్ళు ఉన్నారు. "మేసన్ పని" అని రాసి ఎత్తైన సైలో మీదకి ఎక్కిస్తారు. సామాజిక భద్రతా కోడ్ 2020 (2025 నవంబరు దాకా ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం 1923) ప్రకారం మీ వ్యాపారంలో భాగమైన పనికి కాంట్రాక్టరు కూలీకి దెబ్బతగిలితే పరిహారం మీ మీదకీ రావచ్చు. మన వైపు నుంచి వలస వెళ్ళే, మన వైపుకి వలస వచ్చే కూలీల ఇళ్ళలో ఆ మనిషి సంపాదనే ఆధారం. ఆ తలల లెక్క సరిగ్గా ఉందా అన్నది నేను అందుకే పట్టుబట్టి అడుగుతాను.

సర్టిఫికెట్ నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది?

దానిమీద ఉన్న నంబరుకి ఫోన్ చేయొద్దు. కంపెనీ వెబ్‌సైటు నుంచి నంబరు తీసుకుని పాలసీ నంబరు చెప్పి అడగండి, లేదా కంపెనీ అధికారిక మెయిల్‌కి కాపీ పంపి నిర్ధారణ తెప్పించుకోండి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేశాక తెరుచుకున్న పేజీ కంపెనీదేనా కాదా చూడండి. ఆ కంపెనీకి లైసెన్సు ఉందో లేదో బీమా కంపెనీల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ వెబ్‌సైటులో తెలుస్తుంది.

సర్టిఫికెట్ ఇచ్చాక పాలసీ రద్దయితే?

కాగితం అలాగే ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. బీమా చట్టం 1938లోని 64వీబీ సెక్షను ప్రకారం ప్రీమియం ముందు అందనిదే కంపెనీ రిస్కు తీసుకోకూడదు. చెక్కు బౌన్సయితే పాలసీ నిలబడదు, అప్పటికే పంచిన సర్టిఫికెట్లు మాత్రం ఫైళ్ళలో ఉండిపోతాయి. మీరు సర్టిఫికెట్ తీసుకునే వైపు ఉంటే, రద్దు చేసే ముందు మీకు నోటీసు ఇవ్వాలని పాలసీలోనే ఎండార్స్‌మెంటు వేయించమనండి. పని ఏడాది పొడుగునా సాగేదైతే మధ్యలో ఒకసారి మళ్ళీ నిర్ధారణ అడగండి. అడగడం అవమానం కాదు. మంచి కాంట్రాక్టరు నొచ్చుకోడు.

దీనికి డబ్బు తీసుకుంటారా?

ఉన్న పాలసీ మీద మామూలు సర్టిఫికెట్‌కి సాధారణంగా ఏమీ తీసుకోరు. కొత్త పేర్లు, కొత్త దేశాలు చేర్చాలంటే ప్రీమియం పెరగొచ్చు.

క్లెయిము తిప్పికొట్టారు. ఎక్కడికి వెళ్ళాలి?

ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతలో పెట్టండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఒక్కరి పేరున నడిచే సొంత వ్యాపారం గానీ సూక్ష్మ సంస్థ గానీ అయితే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్ళే వీలుంది, ఫీజు లేదు. మనకి హైదరాబాద్ కార్యాలయం. యానాం పుదుచ్చేరి కింద ఉన్నా ఈ విషయంలో యానాంవాళ్ళూ హైదరాబాదుకే రావాలి. కంపెనీ జవాబిచ్చిన తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి. భాగస్వామ్య సంస్థలు, పెద్ద కంపెనీలు సూక్ష్మ సంస్థ కిందకి రాకపోతే వినియోగదారుల కమిషనో, సివిల్ కోర్టో చూసుకోవాలి. ఎక్కడికెళ్ళినా వాళ్ళు ముందు అడిగేది పూర్తి పాలసీ కాపీ, సర్వేయరు రిపోర్టు, తిరస్కరించిన లెటరు. సర్వేయరు రిపోర్టు కాపీ మీకు రాకపోతే కంపెనీని రాతలో అడిగి తీసుకోండి.